పోలయ్య చావు కబురు నేనే చెప్పాను

బతికున్న మనిషిని చంపడానికి కత్తి అక్కర్లేదు, విషమూ అక్కర్లేదు. ఒక ఐసుగడ్డ, ఒక అద్దం, నాలుగు పుస్తకాలు చదివిన నాలాంటి మనిషి ఉంటే చాలు. ఒక్క పూటలో నేను ఒక ముసలాయన్ని చంపాను, ఒక పాళెం పడవలన్నిటినీ ఒడ్డున కూర్చోబెట్టాను, పన్నెత్తి మాట అనలేని గుంటెడు చేపల్ని ఊపిరాడకుండా చేశాను. ఇంత చేసినా నన్నెవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

ఈ సంగతి మా అక్క నాకన్నా బాగా చెప్పేది. ఎవరింటికి వెళ్ళినా కాఫీ వచ్చేలోపు మొదలుపెట్టేది. నేను తల వంచుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు అక్క లేదు, చెప్పాల్సిన పని నా మీద పడింది. ఆమె చెబితే జనం నవ్వేవారు. నేను చెబితే మీరేం చేస్తారో మీ ఇష్టం.

వాకాడు దాటి సముద్రం వైపు వెళితే, చేపలు పట్టేవాళ్ళ పాళేనికీ వరి మళ్ళకీ మధ్య ఒక పాత పెంకుల కట్టడం ఉండేది. ఎప్పుడో ఒక దొర ఆసుపత్రి నడిపి వెళ్ళిపోయాడట. దొర పోయినా పేరు పోలేదు, అందరూ దాన్ని మిషను అనేవారు. అక్క నర్సుగా రిటైరై, దిక్కులేని ముసలివాళ్ళ కోసం అక్కడ ఒక ఇల్లు నడిపేది. నేను నాయుడుపేటలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేవాణ్ణి. ఆ కాలేజీ మూతపడింది. "ఇక్కడికి వచ్చి చావు, కనీసం తిండి ఉంటుంది" అని అక్క పిలిచింది. వెళ్ళాను. తిండి పండించే బాధ్యత నాదేనని వెళ్ళాక తెలిసింది.

మిషనుకు రెండు మడులు, ఒక చేపల గుంట ఉన్నాయి. ముసలివాళ్ళు తినే అన్నం దాతల దయ మీద కాక నేల మీదా నీళ్ళ మీదా నడవాలని అక్క పట్టుదల. నేను పుస్తకాలు చదివి సేద్యం మొదలుపెట్టాను. బాతులు మడిలో పురుగుల్ని తింటాయని ఒక పుస్తకంలో ఉంది. తిన్నాయి. పురుగులయ్యాక నారు కూడా తిన్నాయి. అదయ్యాక పక్కనున్న ఉప్పుటేట్లోకి దిగి, వెనక్కి తీసే పాటు నీళ్ళతో కలిసి సముద్రం వైపు వెళ్ళిపోయాయి. ఒక్కటి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. సేద్యంలో నన్ను సరిగ్గా అంచనా వేసిన ప్రాణులు అవే.

అందువల్ల నెల్లూరులో ఉండి ఈ ఇంటి ఖర్చు చూసే కమిటీవాళ్ళకు ఓపిక అయిపోయింది. ఈసారి గుంట పండకపోతే ఇల్లు మూసేస్తామనీ, ముసలివాళ్ళను టౌన్లో ఎక్కడ జాగా ఉంటే అక్కడికి తలా ఒక చోటికి పంపేస్తామనీ చెప్పేశారు. గుంటలో బొచ్చెలూ రాగండులూ బాగా ఎదిగాయి. నా ప్రమేయం లేకుండా ఎదిగాయి కాబట్టి బాగా ఎదిగాయి. పట్టి బండెక్కించడమే మిగిలింది. కమిటీ కూర్చునే రోజూ, మేము చేప పట్టే రోజూ ఒకటే అయ్యాయి. ముందు రోజు సాయంత్రం అక్క బస్సెక్కుతూ చెప్పింది:

"ఒరేయ్, తెల్లారేసరికి వల దిగాలి. ఎండెక్కకముందే చేప బండెక్కాలి. మిగతాది ఏమీ చెయ్యకు."

"మిగతాది అంటే?"

"నీకు తోచేది."

పాళెం నుంచి శీనయ్య, అతని మనుషులు లాగుడు వల తెచ్చి గట్టు మీద పెట్టిపోయారు. నేను గుంట నీళ్ళు సగానికి పైగా దించి, ఆ నీళ్ళు పక్క మడికి దమ్ము కోసం పెట్టాను. చేపకార్యం, చేనికార్యం రెండూ ఒకేసారి అయ్యాయని మురిసిపోయాను. నీళ్ళు దించిన గుంటలో చేప పెళ్ళి బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి ఉంటుంది. ఎండ ముదిరేలోగా తీసేయాలి. లేకపోతే ఊపిరాడదు. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే సుఖం కూడా నాకు లేదు.

తెల్లవారింది. గోతాలు తీసి ఐసుగడ్డలు పగలగొట్టి పెట్టెలకెత్తుతున్నాను. చేతులు మొద్దుబారి ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. అప్పుడు మా ఇంట్లో ఉండే సుబ్బమ్మవ్వ వచ్చింది.

"అబ్బయ్యా, పోలయ్య లేస్తా లేడు."

"నిద్రపోతున్నాడేమో అవ్వా."

"కండ్లు తెరుచుకోని ఎవురు నిద్రపోతారు?"

పోలయ్య గురించి చెప్పాలి. ఒకప్పుడు పాళెంలో పేరున్న పడవ మనిషి. ఒకసారి చెల్లెలి కొడుకును వేటకు తీసుకువెళ్ళి, గాలివానలో చిక్కుకుని, ఒంటరిగా తిరిగొచ్చాడు. ఆ చెల్లెలు గౌరమ్మ ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. ఆమె ఉండేది మిషనుకు కూతవేటు దూరంలో. రోజూ నెత్తిన చేపల గంప పెట్టుకుని మా గేటు ముందు నుంచే వెళ్ళేది. పోలయ్య ఆ వేళకు గేటు దగ్గర కూర్చునేవాడు. ఆమె తల తిప్పకుండా పోయేది. భార్య పోయి, పిల్లలు లేక, ఆయన మా దగ్గర చేరాడు. తాగకూడదని అక్క ఆన పెట్టింది. ముందు రోజు వల తెచ్చిన కుర్రాళ్ళు ఆయనకు ఒక సీసా మొత్తం ఇచ్చిపోయారని నాకప్పుడు తెలియదు. కళ్ళు సగం తెరుచుకుని నిద్రపోవడం ఆయన పడవ మీద నేర్చుకున్న అలవాటని కూడా తెలియదు.

నాకు తెలిసింది పుస్తకంలో ఉన్నది. ముందు నాడి చూశాను. అందలేదు. ఐసులో నానిన వేళ్ళకు నాడి ఏమిటి, నగారా మోగినా అందదు. ఒళ్ళు ముట్టుకున్నాను. చల్లగా తోచింది. ఆ చల్లదనం ఆయనదో నాదో ఆలోచించలేదు. తర్వాత వరండాలో ఉన్న అద్దం తెచ్చి ముక్కు దగ్గర పెట్టాను. ఊపిరి ఉంటే అద్దం మసకబారాలి. సముద్రపు గాలికి ఆ అద్దం ఎన్నడో మసకబారిపోయి ఉంది. ముందూ మసకే, తర్వాతా మసకే. మార్పు లేదు కాబట్టి మనిషి లేడని తేల్చాను. శాస్త్రం పూర్తయింది.

ఇక్కడ మీరొక మాట అడగవచ్చు. అక్కకు ఫోను చేయకుండా పాళేనికి ఎందుకు పరిగెత్తావు అని. దానికి కారణం ఉంది. అంతకు కొన్నాళ్ళ ముందు మా ఇంట్లో పాళెం ఆడమనిషి ఒకావిడ పోతే, నేను అన్నీ సర్దుకుని మధ్యాహ్నం మెల్లగా కబురు చేశాను. ఆ ఊరి కట్టుబాటు ప్రకారం పాళెం మనిషి పోతే, శవం పొలిమేర దాటేదాకా పడవ కదలకూడదు, వల తడవకూడదు. దాన్ని వాళ్ళు దురాయి అంటారు. ఆ రోజు నా ఆలస్యం వల్ల పడవలన్నీ వేటకు వెళ్ళిపోయాయి. పాళేనికి పెద్ద, అందరూ పెద్దకాపు అని పిలిచే ఏకాంబరం నన్ను గుడి ముందు నిలబెట్టి, "మా మనిషి శవం ఈడుండంగా మా పడవలు యాట జేసినాయి సార్. గంగమ్మకి నేనేమని జెప్పుకోవాల? మనిషి పోతే కబురు జెప్పే తీరిక లేదా నీకు?" అన్నాడు. ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. ఈసారి ఆలస్యం చేయకూడదు. కబురు నాదే మొదటిది కావాలి.

పరిగెత్తాను. ఏకాంబరం వేపపుల్ల నములుతూ ఒడ్డున ఉన్నాడు. పడవలు నీళ్ళలోకి తోస్తున్నారు.

"కాపుగారూ, పోలయ్య పోయాడు."

ఆయన పుల్ల ఉమ్మేశాడు. "బాగా చూసినావా సార్?"

"చూశాను."

"ఎట్ట చూసినావు?"

"శాస్త్రీయంగా చూశాను."

"అట్నా. అయితే ఇంగ తిరుగులేదు."

గంగమ్మ గుడి మైకు గరగరమంది. "అయ్యా, మన పోలయ్య పోయినాడు. దురాయి ఏసుండాము. శవం పొలిమేర దాటిందాకా ఎవురూ పడవ కదల్చబాకండి, వల తడపబాకండి." తోసిన పడవల్ని వెనక్కి లాగారు. అప్పటికే అలలు దాటిన వాళ్ళను ఫోన్లు చేసి పిలిచారు. ఏకాంబరం నా భుజం తట్టి, "ఈ తూరి టయానికి జెప్పినావు సార్" అన్నాడు. ఆ మెప్పు నాకు మిషనుకు వెళ్ళేదాకా నిలిచింది.

వెళ్ళేసరికి గట్టు మీద శీనయ్య వల చుట్టేస్తున్నాడు.

"శీనయ్యా, ఏం చేస్తున్నావు?"

"మైకు ఇనలేదా సార్? నువ్వే గద జెప్పించినావు."

"అది సముద్రానికి. ఇది గుంట."

"గుంటలో ఉండేది నీళ్ళా కాదా?"

"నీళ్ళే."

"వల తడస్తాదా లేదా?"

"తడుస్తుంది."

"ఇంగేంది మరి?"

"శీనయ్యా, ఎండెక్కితే చేపలు చస్తాయి."

"మనిషే చచ్చినాడు సార్" అని వల మీద కూర్చున్నాడు.

చెరువు ఎండితే చేపలు బయటపడతాయంటారు. చెరువును నేనే ఎండబెట్టుకుని, చేపల్ని బయటపెట్టుకుని, వలకు నేనే తాళం వేసుకున్నాను. ఇంతటి ఏర్పాటుకు సామెత లేదు. నీళ్ళు తిరిగి పెడదామంటే అవి దమ్ము మడిలో బురదైపోయాయి. బోరు మోటారు వేద్దామంటే కరెంటు లేదు. నీళ్ళ పైన చేపలు నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. ఆ గుండ్రటి నోళ్ళన్నీ నన్నే ఏదో అడుగుతున్నట్టుంటే అటు తిరిగి అక్కకు ఫోను చేశాను.

"పోలయ్య పోయాడక్కా. వల ఆగిపోయింది."

అక్క గొంతు పోయి నర్సు గొంతు వచ్చింది. "ఎప్పుడు? ఒళ్ళు బిగుసుకుందా?"

"అది చూడలేదు."

"మరేం చూశావు?"

"అద్దం."

"ఏ అద్దం?"

"వరండాలోది."

"ఒరేయ్, అందులో నా ముఖమే నాకు కనిపించదురా! వాడి ఊపిరి కనిపిస్తుందా? పో, పోయి గుండె మీద చెవి పెట్టి విను. నన్ను లోపలికి పిలుస్తున్నారు" అని పెట్టేసింది.

పోయాను. కానీ అప్పటికే గది నిండా ఆడవాళ్ళున్నారు. మధ్యలో గౌరమ్మ. చేపల గంప గుమ్మం దగ్గర బోర్లా పడి ఉంది. ఆమె అన్న కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది.

"అన్నా, నా బిడ్డని నువ్వు ముంచినావని అంటినే అన్నా! సముద్రం తీసకపోతే నువ్వేం జేస్తావని ఒక్కనాడన్నా అనుకుంటినా అన్నా! రోజూ గేటుకాడ కూర్చుంటివే, నేను రాయినై పోతినే! ఒక్క మాట అనుంటే నీ పానం నిలిచేదేమో అన్నా!"

నేను గోడ పక్కనుంచి పోలయ్య తల దగ్గరికి చేరాను. వంగబోయి ఆగిపోయాను. సగం తెరిచిన ఆ కంటి కొస నుంచి నీళ్ళు కారి చెవిలోకి పోతున్నాయి. కనుపాప మెల్లగా నా వైపు తిరిగింది. పెదవి కదిలీ కదలనట్టు కదిలింది. వద్దంటున్నాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. చావకుండా పడుకున్నవాడి చెవులు బారెడని ఆ రోజు తెలిసింది.

నేను నోరు తెరిస్తే చాలు. దురాయి తీసేస్తారు, వల దిగుతుంది, చేప బండెక్కుతుంది, ఇల్లు నిలుస్తుంది. కిటికీలోంచి గుంట కనిపిస్తోంది. మొదటి చేప వెల్లకిలా తేలింది. తెల్లటి పొట్ట. దాని పక్కన ఇంకొకటి. నేను అరవలేదు. ఎందుకు అరవలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. గొప్ప కారణమేమీ లేదు. ఆమె ఇంకా చెప్పడం పూర్తి చేయలేదు, అంతే.

చివరికి గౌరమ్మ ఏడ్చి ఏడ్చి ఆయన రొమ్ము మీద తల వాల్చింది. పోలయ్య చెయ్యి లేచి ఆమె తల మీద పడింది.

"ఏడవబాకమ్మే" అన్నాడు.

తర్వాత ఆ గదిలో మిగిలింది మేం ముగ్గురమే. తక్కినవాళ్ళు ఒకే గుమ్మంలోంచి ఒకేసారి ఎలా వెళ్ళారో ఇప్పటికీ తెలియదు. గౌరమ్మ మాత్రం కదల్లేదు. ముందు ఆయన ముఖం తడిమింది. తర్వాత చెంప మీద ఒక్కటి కొట్టింది. "ఎప్పుడు మేలుకున్నావు?" అంది.

"నువ్వు వాకిట్లో గంప పడేసినప్పుడే" అన్నాడు పోలయ్య.

నేను గట్టు మీదికి పరిగెత్తాను. "శీనయ్యా, పోలయ్య బతికే ఉన్నాడు! వల దించు!"

శీనయ్య లేవలేదు. "కాపు జెప్పాల."

కాపు వచ్చాడు. పోలయ్యను చూశాడు. నన్ను చూశాడు. నన్నే ఎక్కువసేపు చూశాడు. పెద్దలు గుంట గట్టు మీదే కూర్చున్నారు. శవం లేచి కూర్చుంటే దురాయి ఉంటుందా పోతుందా? అలాంటిది ఆ పాళెంలో ఎన్నడూ జరగలేదు. ఒకాయన, చావే లేనప్పుడు దురాయి ఎక్కడిదన్నాడు. ఇంకొకాయన, మైకులో చెప్పాక గంగమ్మ వినే ఉంటుంది, ఆమెకు ఇప్పుడు పొరపాటైందని ఎవరు చెబుతారన్నాడు. వాళ్ళ వెనక చేపలు ఒకటొకటే తేలుతున్నాయి. నేను చేతులు జోడించి నిలబడ్డాను.

ఏకాంబరం తేల్చాడు. "శవం పొలిమేర దాటితేనే దురాయి పోవాల. అది మాట. శవం నడవగూడదని మాటలో లేదు. పోలయ్యా, లెయ్."

అలా పోలయ్య తన శవయాత్రకు తానే బయలుదేరాడు. ముందు పలక మోత, వెనక పాళెం, మధ్యలో బీడీ వెలిగించుకుని ఆయన, పక్కన గౌరమ్మ. వల్లకాటి దాకా దారంతా ఇసుక. అడుగడుక్కీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. నేను పక్కనే నడుస్తూ గుంట వైపు చూసుకుంటున్నాను.

"పోలయ్యా, నీకు దండం పెడతాను, కొంచెం తొందరగా నడువు."

"చచ్చినోణ్ణి సార్. ఎంత తొందరగా నడవమంటావు?"

ఆయన పొలిమేర రాయి దాటాడు. మైకు మోగింది. శీనయ్య వల దించాడు. వలకు పని లేకపోయింది. చేతులతో ఏరుకోవచ్చు. బండివాడు గుంటను చూసి, ఐసు పెట్టెలు ఖాళీగానే తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అక్క బస్సు దిగింది. గట్టు మీద నిలబడి గుంట చూసింది. జరిగింది చెప్పాను, కిటికీ దగ్గర నేను నిలబడిపోయిన సంగతితో సహా. నన్ను తిట్టలేదు. "ఉప్పెంతుంది?" అని అడిగింది. చావుకొచ్చిన ఆడవాళ్ళే కూర్చుని, పాడుకానివి కోసి ఉప్పు పెట్టారు. గుంట చేపను ఎండబెట్టకూడదని అక్కడ పసిపిల్లకు కూడా తెలుసు. మేము వానలు ఆగేదాకా అదే తిన్నాం. బురద రుచి. సుబ్బమ్మవ్వ ప్రతి ముద్దకూ నా వైపు చూసేది.

కమిటీ తన మాట నిలబెట్టుకుంది. వానలయ్యాక వ్యాను వచ్చింది. సుబ్బమ్మవ్వను ఒక చోటికీ, ఆమె పక్క మంచం ముసలమ్మను ఇంకొక చోటికీ పంపారు. వాళ్ళిద్దరూ ఒకే కంచంలో తినేవాళ్ళు. అవ్వ వ్యానెక్కుతూ నాకు ఏమీ చెప్పలేదు. ఏదైనా తిడుతుందని చాలాసేపు నిలబడ్డాను. అక్క తాళం వేసింది. పోలయ్య ఒక్కడు వ్యానెక్కలేదు. అంతమంది ముందు అలా ఏడ్చాక గౌరమ్మ ఆయన్ని ఎక్కడికీ పంపలేదు. ఆమె ఇంట్లోనే ఇంకొన్నాళ్ళు బతికాడు. నిజంగా పోయినప్పుడు ఆ కబురు నాకు ఆఖర్న చెప్పారు. న్యాయమే.

మేము పాళెం వదిలే ముందు ఏకాంబరం నన్ను గుడికి తీసుకువెళ్ళి కర్పూరం వెలిగించాడు. "సార్, మా పడవలు ఒక పూట పోయినాయి, పోనీ. మీ గుంట పోయింది, ఇల్లు పోయింది. ఇంగ నువ్వు ఒక మాట ఇయ్యాల" అన్నాడు. ఇచ్చాను. గంగమ్మ ఎదుట, మండుతున్న కర్పూరం మీద చెయ్యి పెట్టి, పూర్తి స్పృహతో ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ మనిషి చావు కబురూ నా నోటితో చెప్పను. మనిషి బతికుంటే చెప్పను. పోయినా చెప్పను. పుస్తకం చెప్పినా, అద్దం చెప్పినా, పోయినవాడే లేచొచ్చి చెప్పమన్నా చెప్పను.

పోయిన ఏడు నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు బయటికి వచ్చి, అక్క పోయిందన్నాడు.

"మళ్ళీ ఒకసారి చూడండి" అన్నాను.

అందరూ అలాగే అంటారనుకున్నాడేమో. చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు, మళ్ళీ లోపలికి వెళ్ళి చూసి వచ్చాడు. తల అడ్డంగా ఊపాడు. పాళేనికి ఫోను చేయాలి. ఏకాంబరం నంబరు కలిపి, అవతల మోగుతుండగా పక్కనున్న నర్సు చేతిలో పెట్టాను.

"మీరు చెప్పండమ్మా" అన్నాను. "నేను చెప్పకూడదు. ప్రమాణం చేశాను."